పరచిత్తజ్ఞానమును బరిశోధనకథయు: చార్లేను హారిసు నవలలు

అపరాధపరిశోధనకథ పాఠకునితో నొక సమయము చేసికొనును. కడపటఁ బట్టువడు దోషి మొదటి పుటలనుండియు నాతని కన్నులయెదుటనే మెలఁగుచుండవలయును. వానిఁ బట్టియిచ్చు లింగములు దాఁపఁబడక చెప్పఁబడియుండవలయును. హేతువునుండి సాధ్యమునకుఁ బోవు త్రోవ తార్కికుఁ డంగీకరించునట్టిదై యుండవలయును. ఎడ్గరు ఆలెను పో 1841లోఁ బ్రకటించిన పారిసునగర హత్యాకథతోఁ దలయెత్తిన యీ ప్రక్రియ కాలక్రమమున నీ సమయమును దృఢపఱచుకొన్నది. (ఆ మొదటి కథలో దోషి యొక వానర మగుట వేఱు మాట.) అద్భుతకథ చేసికొను సమయ మిట్టిది కాదు. అచ్చట శవము లేచి నడచును, మానిసి పులి యగును, శాపము జ్ఞాపకమును హరించును. ధూమ మున్నచోట నగ్ని యుండు నను వ్యాప్తిని నమ్మి యనుమానము చేయువానికి, మంత్రబలమున నగ్ని లేకయే ధూమము పుట్టు లోకములో నేమి పని? ఈ రెండును నొక్క గ్రంథమునఁ బొందుపడునా, పొందుపడినచో నేది దేనికి లోఁబడు నను ప్రశ్న వినోదగ్రంథములకు మాత్రమే చెందినది గాదు, కథానిర్మాణమునకే మూలమైనది.

ఈ ప్రశ్నకు లక్ష్యముగాఁ జూడఁదగినవి చార్లేను హారిసు రచించిన పదుమూఁడు నవలలు. ఈమె 1951లో నమెరికాసంయుక్తరాష్ట్రములలోని మిసిసిపీ రాష్ట్రమున ట్యూనికా పట్టణమందు జన్మించినది. మాలికకు 'సదరన్ వేంపైర్ మిస్టరీస్' అని నామము. కథానాయికనుబట్టి సూకీ స్టాక్‌హౌసు కథ లనియు వ్యవహారము గలదు. మొదటిదియగు 'డెడ్ అంటిల్ డార్క్' 2001లోను, తుదిదియగు 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' 2013లోను వెలువడినవి. నడుమ నేఁటేఁట నొక్కటి తప్పక వచ్చినది. పదుమూఁడింటి పేళ్లలోను మృతార్థకమగు 'డెడ్' శబ్దము గలదు. అది యొకచో విశేషణము, ఒకచో నామము, ఒకచో సమాసమునఁ బూర్వపదము. ఆంగ్లజాతీయములను విఱిచి చేసిన యీ పేళ్లు తెలుఁగునకు లొంగవు. మొదటి నవలకు నాంథొనీ పురస్కారము లభించినది. 2008 మొదలు 2014 వఱకు హెచ్.బి.ఓ. వారు 'ట్రూ బ్లడ్' అను పేర దీనిని దృశ్యకథగాఁ బ్రసారము చేసిరి. దానిఁ గల్పించిన ఆలెను బాలు మూలమును బెక్కుచోట్ల విడిచి తన త్రోవఁ బోయినాఁడు గాన నిచ్చట దానితోఁ బనిలేదు.

ఒక్క విషయము మొదటనే గమనింపవలయును. హారిసు అద్భుతకథలనుండి పరిశోధనకథలకు వచ్చినది గాదు. ఆమె తొలినవల 1981లో వెలువడినది. 1990 మొదలుగా గ్రంథాలయాధికారిణి యగు అరోరా టీగార్డెను నాయికగా వ్రాసిన కథలలో రక్తము ద్రావువారు లేరు, ఊరిలోని హంతకులే కలరు. చేతికి వచ్చిన పనిముట్లు పరిశోధనకథవి. వానితో నామె యద్భుతమును జెక్కినది. ఈ మాలికలోని గుణములును దోషములును జాలవఱకు దీనినుండియే పుట్టినవి.

ఇట్టి రచనలకు నాంగ్లమున 'అర్బన్ ఫాంటసీ' యని పేరు, నగరాద్భుతకథ యనవచ్చును. లారెలు హామిల్టను 1993లో సెయింటు లూయీ నగరమును, జిము బుచరు 2000లో షికాగోను రంగముగాఁ జేసికొని యిట్టి మాలిక లారంభించిరి. హారిసు కథాస్థలము లూయిసియానా యుత్తరభాగమునఁ గల్పితమైన బాన్ టెంప్సు. అది నగరము గాదు. ఒక మద్యశాల, ఒక చర్చి, ఒక శ్మశానము, అడవిలోఁ బోవు త్రోవలు గల పల్లెపట్టు. అయినను నామము పూర్తిగాఁ దప్పు గాదు. మన ప్రబంధములలో నగరవర్ణన యష్టాదశవర్ణనలలో మొదటిది. వర్ణింపఁబడిన పిమ్మట నగరము కథనుండి తొలఁగును. ఇచ్చట నగర మనఁగాఁ గోటయుఁ గొమ్మయుఁ గావు. అనుమతిపత్రము, పన్ను, జీతము, పోలీసు, వార్తాపత్రిక. అద్భుతవ్యక్తులు నీ కట్టుబాట్లకు లోనై బ్రతుకుటయే యీ ప్రక్రియకు లక్షణము. వేయేండ్ల నాఁటి యుత్తరదేశపు యోధుఁ డగు ఎరికు నార్త్‌మను ష్రీవ్‌పోర్టు నగరమున మద్యశాల నడపుచుఁ జూడవచ్చిన యాత్రికులకు దుస్తులుకూడ విక్రయించును. భయానకము హాస్యమునకుఁ జోటిచ్చు నిట్టి ఘట్టములలో రచయిత్రి చేయి యెన్నఁడును దప్పదు.

వేంపైరను పదమునకుఁ దెలుఁగున నేమనవలయు నను చర్చయు నవసరమే. 1870లో రిచర్డు బర్టను బేతాళకథల నాంగ్లమునఁ జెప్పుచు వేతాళునకు వేంపైరను పేరే పెట్టినాఁడు. అది సరిగాదు. వేతాళుఁడు పరశవమునఁ జొచ్చి శింశుపావృక్షమున వ్రేలాడువాఁడు. వేంపైరు తన శవమునఁ దానే నివసించువాఁడు. పిశాచశబ్దము పృషోదరాదులలోఁ జేరి పిశితము, అనఁగా మాంసము, తినువాని బోధించును, అదియుఁ బొసఁగదు. రక్తశబ్ద ముపపదముగాఁ బాధాతువుపైఁ గప్రత్యయము రాఁగా నేర్పడు 'రక్తప' శబ్దము యోగార్థమున సరిపోవును గాని, అమరమున స్త్రీలింగమగు రక్తపాశబ్దము జలగకు రూఢము. రూఢి యోగమును జంపు నందురు; పుంలింగమున నా చిక్కు లేదు గనుక రక్తపుఁ డనుటయే యిచ్చటఁ జేయఁబడుచున్నది. ఈ కథలలోని స్త్రీలను రక్తపాంగన లనవలసినదే. లేకున్న జలగలే మిగులుదురు.

ఇఁక గ్రంథము. జపానుదేశమునఁ గృత్రిమరక్తము కనుఁగొనఁబడినది. దానిని సీసాలలోఁ గొని త్రాగవచ్చును గనుక, శతాబ్దములుగా దాఁగియున్న రక్తపులు తాము గల మని లోకమునకుఁ జాటి, మనుష్యులతో సమానమైన హక్కులు గోరుచున్నారు. బాన్ టెంప్సులో సాము మెర్లొటు అనువాని మద్యశాలలో వడ్డన చేయు యువతి సూకీ. ఆమెకుఁ బరుల మనస్సులు వినఁబడును. ఒకరాత్రి బిల్లు కాంప్టను అను రక్తపుఁడు లోనికి వచ్చి కూర్చుండును. అతఁ డమెరికా యంతర్యుద్ధమున దక్షిణపక్షమునఁ బోరాడినవాఁడు. ఆతని మనస్సు ఆమెకు వినఁబడదు. ఆ రాత్రియే యొక దంపతులు, మనుష్యులే, ఆతనిఁ బట్టి బంధించి, మందుగా విక్రయించుటకై రక్తమును దీసికొనుచుండఁగా నామె గొలుసుతో వారిని గొట్టి విడిపించును. పుస్తకములో మొదటి నేరము రక్తపునిపై మనుష్యులు చేసినది. రక్తము ద్రావువాఁడే రక్తము గోల్పోవు నీ యారంభమున రచయిత్రి తన ధర్మమంతయుఁ జెప్పివేసినది.

అద్భుతమునకు హద్దులు లేకున్న ననుమానము చెడు నని మీఁదఁ జెప్పఁబడినది. హారిసు దీనికిఁ జేసిన ప్రతిక్రియ వైయాకరణుల కెంతయుఁ బరిచితమైనది. ఆమె మొదటనే పరిభాషలు చేసినది. రక్తపుఁడు పగలు మేల్కొనఁడు. వెండి సోఁకినఁ గాలును. గృహస్థు పిలువక యింట నడుగు పెట్టఁజాలఁడు, పిలుపు మరలించుకొన్నచో నిలువఁజాలఁడు. వాని మనస్సు సూకీకి వినఁబడదు. ఇవి మొదటి గ్రంథముననే వెల్లడియై, పదుమూఁడింటను దమ యధికారమును జెల్లించుకొనును. పరిభాష యొకచోట నుండి శాస్త్రమంతటిని దీపమువలె వెలిఁగించు నని భాష్యకారుఁడు చెప్పిన పోలిక యిచ్చటఁ జక్కగా నమరును. మఱియు యథోద్దేశము, కార్యకాలము అను రెండు పక్షములును నిచ్చటఁ గానవచ్చును. పిలుపును గుఱించిన నియమము మొదటి గ్రంథమున దానిచోట నది తెలిసికొనఁబడి యూరకుండును. మూఁడవదియగు 'క్లబ్ డెడ్' (2003) చివర, ఇరువురు రక్తపుల కలహములతో విసిగి దెబ్బలు తిన్న నాయిక తన యింట నిలిచియున్న బిల్లునకును ఎరికునకును నిచ్చిన పిలుపును మరలించుకొనును. అంతబలవంతులును వెనుకనడకతో ద్వారము దాఁటిపోవుదురు. కార్యకాలమున పరిభాష వచ్చి నిలిచినది. రెండు గ్రంథములకు ముందు వినోదముగాఁ జదివిన నియమము స్త్రీకిఁ దన యింటిపైఁ గల స్వాతంత్ర్యముగా మాఱినది. ఈ మాలికలోఁ గథానిర్మాణమున నింతకు మించిన ఘట్టము లేదు.

మన పింగళి సూరన 'కళాపూర్ణోదయము'నందు నిజరంభయు మాయారంభయు నెదురుపడి వాదులాడుదురు. అచ్చటను రూపములు మాఱును, చిక్కులు పడును, తరువాతి యాశ్వాసములలో విడును. సూరనకు లోపలి పొందికయందు హారిసు సాటి రాదనుట నిర్వివాదము. కాని సూరన చిక్కు వేసి పిమ్మటఁ దాళపుఁజెవి యిచ్చును. హారిసు తాళపుఁజెవి ముందిచ్చి చిక్కు పిమ్మట వేయును. పరిశోధనకథ కోరునది రెండవదే.

అయినను నీ కథలకు నన్నిటికంటెఁ బెద్ద చిక్కు రక్తపులు గారు, నాయికయే. పరుల మనస్సు వినఁగల్గినదానికి హంతకుఁ డెవఁడో తెలియకపోవు టెట్లు? మద్యశాలలోనికి హంతకుఁడు వచ్చి కూర్చుండఁగనే కథ ముగియవలదా? శాస్త్రజ్ఞుఁడగు పాఠకుఁడు మొదట వేయు నాక్షేప మిదియే. సమాధానము గ్రంథములలోనే చెదరి యున్నది. ఏర్చి కూర్చిన మన దర్శనములతో నది యాశ్చర్యకరముగా సరిపోవును.

న్యాయమతమున మనస్సు అణువు. ఒక్కకాలమున రెండు జ్ఞానములు పుట్టకుండుటయే దానికి లింగము. హంతకుఁడు బీరు త్రాగునపుడు వాని మనస్సు బీరునందే యుండును. నేరము చేసినవాఁ డెల్లప్పుడును నేరమునే తలఁచుచుండు నను నమ్మకము నాటకములది, మనస్సుది గాదు. యోగశాస్త్రమునఁ బతంజలి పరచిత్తజ్ఞానమును సిద్ధులలోఁ జెప్పినాఁడు. కాని యా జ్ఞానమునకుఁ జిత్తము యొక్క యాలంబనము విషయము గాదని హద్దును విధించినాఁడు. పరునిచిత్తము రాగయుక్తమా, ద్వేషయుక్తమా యనునది యోగికిఁ దెలియును గాని, ఎవరియందు రాగము, ఎవరియందు ద్వేషము అనునది తెలియదు. సూకీ వినునది తఱచుగా నిట్టిదే. ఒకనియందుఁ గోపము వినఁబడును. ఆ కోప మెవరిపైననో తెలియదు. కొందఱి తలఁపులు మాటలుగాక చిత్రములుగా వచ్చును. రూపము మార్చుకొనువారి మనస్సులు మబ్బు పట్టినట్లుండును. మీఁదుమిక్కిలి మద్యశాలలో నందఱి మనస్సులును నొక్కసారి మ్రోయును. దానికిఁ దట్టుకొనలేక యామె మనస్సునకుఁ గవాటములు వేసికొనుట నేర్చికొన్నది. వినుట ప్రయత్నము గాదు, వినకుండుటయే ప్రయత్నము. ఈ తలక్రిందు చేయుటయే హారిసు కల్పనలోఁ దలమానికము.

మొదటి కథలో నీ శక్తి పరీక్షకు నిలిచినది. ఊరిలో రక్తపులతోఁ గలసిన యువతులు గొంతు పిసుకఁబడి మరణించుచున్నారు. వారితోఁ బరిచయ ముండుటచే సూకీ యన్న జేసను ననుమానించుచున్నారు. అన్నను గాపాడఁగోరి యామె తన జీవితమున మొదటిసారిగా మద్యశాలలోని వారి తలఁపులఁ గావలయునని వినుట కారంభించును. వినఁగా వినఁగాఁ దెలిసినది హంతకుఁ డెవఁడో కాదు, ఇరుగుపొరుగువారు తన్నుగూర్చి యేమనుకొనుచుందురో యన్నదే. ఇంతలో నామెకై వచ్చిన హంతకుఁడు ఇంట నున్న ముసలి మామ్మను జంపును. తుదకు దోషి రెనే లెనియే యని తేలును. వాఁడు రక్తపుఁడు గాఁడు, రూపము మార్చువాఁడు గాఁడు. సూకీ స్నేహితురాలగు ఆర్లీనుకు మునుపటి భర్త, నవ్వుచుఁ బలుకరించు పొరుగువాఁడు.

అద్భుతములు నిండిన కథలో హంతకుఁడు కేవలమనుష్యుఁ డగుట పరిశోధనకథ తన సమయమును నిలుపుకొనుట. పాఠకుఁడు కోఱలు గలవారి వంకఁ జూచుచుండఁగా దోషి బల్లయొద్దనే కూర్చున్నాఁడు. ఇంతవఱకు శ్లాఘ్యము. కాని యందఱిని వినిన నాయిక రెనేను మాత్ర మేల వినలేదను ప్రశ్నకు గ్రంథమున నుత్తరము బలహీనము. నమ్మినవాని మనస్సు వినఁబూనుట మర్యాద గాదను భావము నుండి దానిని మనమే యూహించుకొనవలయును. ఒక్కవాక్య మధికముగా వ్రాసినచోఁ బూడియుండెడి పగులు.

రెండవదియగు 'లివింగ్ డెడ్ ఇన్ డాలస్' (2002) నం దిట్టి పగులు గుంటయైనది. వంటవాఁడు లఫయెట్టు శవము పోలీసు పరిశోధకుని కారులోనే దొరకుటతోఁ గథ యారంభమగును. అంతకంటె మంచి యారంభ ముండదు. కాని నడుమ కథ డాలసు నగరమునకుఁ బోయి వేఱొక పనిలోఁ బడును. మరలి వచ్చిన పిమ్మట దోషులకు శిక్ష గ్రీకుదేశపు మధుదేవత పరివారములోని యొక యున్మాదినిచేఁ దీఱును. పరిభాషలలోఁ జేరని శక్తి వచ్చి చిక్కును ద్రెంపిన నది విడిపోవుట గాదు.

శృంగారమును విచారింపవలసియున్నది. సూకీ తన శక్తిని వైకల్యమని చెప్పుకొనును. ఏ పురుషునితోఁ గూర్చున్నను వాఁడు తన దేహమునుగూర్చి యేమి తలఁచుచున్నాఁడో వినఁబడును గనుక నామెకుఁ బ్రేమ యసాధ్యమైనది. బిల్లు మనస్సు వినఁబడదు. ఆ నిశ్శబ్దమే యామె కనురాగకారణము. కావ్యములలో నాయకుని రూపము, గుణము, యశము వినియో కనియో నాయిక యనురక్త యగును. మలయానిలము, చంద్రిక, కోకిలస్వన ముద్దీపనములు. ఇచ్చట నుద్దీపనము శబ్దాభావము. అభావము కారణము కానేరదని తార్కికు లనవచ్చును గాని, జన్మమెల్ల రొదలో నున్నవానికి నిశ్శబ్ద మభావము గాదు, పదార్థమే. మృతుఁడు నాయకుఁ డగుట జుగుప్సకుఁ దావియ్యకుండుటకు నిదియే హేతువు. ఆమె కోరినది మరణమును గాదు, విశ్రాంతిని. పోలిడోరి 1819లోను, బ్రాము స్టోకరు 1897లోను వ్రాసిన రక్తపకథలలో నాకర్షణ మోహము, వశీకరణము. హారిసు దానిని విశ్రాంతిగా మార్చుట క్రొత్త.

నిశ్శబ్దమునకు వెల యుండును. ఆఱవదియగు 'డెఫినిట్లీ డెడ్' (2006) లో, బిల్లు లూయిసియానా రక్తపరాణి యాజ్ఞచేతనే యామె శక్తిని సాధింప నూరికి వచ్చినాఁడని బయల్పడును. వినఁబడని మనస్సులో మోసముండినను వినఁబడదు. ఐదు గ్రంథములు విశ్రాంతి యని పాఠకుఁడు నమ్మినదే లింగము. దానిని దప్పుగాఁ జదివినాము. ప్రేమకథయుఁ బరిశోధనకథయే యయినది. నేరము చేసినవాఁడు నాయకుఁడు, సాక్ష్యము వాని మౌనము. రెండు ప్రక్రియలు నొకదానికొకటి యంగమై నిలిచిన చోటిదియే.

నాలుగవదియగు 'డెడ్ టు ది వరల్డ్' (2004) సంస్కృతపాఠకుని కధికముగా రుచించును. మంత్రగత్తె శాపమున ఎరికు తా నెవ్వఁడో మఱచి, రాత్రివేళ త్రోవలోఁ బరుగిడుచు సూకీకంటఁ బడును. ఆమె యాశ్రయమిచ్చును, గర్వము, అధికారము మఱచిన యాతఁడు నిష్కపటముగా నామెను బ్రేమించును. శాపము తీఱఁగనే పూర్వమంతయు జ్ఞప్తికి వచ్చి, యా దినములు మాత్రము మఱపునఁ బడును. శాకుంతలమున దుర్వాసశ్శాపముచే రాజు ప్రేమను మఱచును, శాపాంతమున స్మరించును. ఇచ్చట శాపముననే ప్రేమ, శాపాంతమున విస్మృతి. గుర్తుటుంగరము లేదు, గుర్తున్నది నాయిక యొక్కతెకే. తరువాతి గ్రంథములలో నాతనికి జ్ఞాపకము తిరిగివచ్చుట కథ కవసరము గావచ్చును గాని, రాకున్న నీ నవల మఱింత నిండుగా నుండెడిది.

బిల్లు, ఎరికు, వ్యాఘ్రరూపధారి యగు క్విను, తుదకు సాము: ఒక నాయికకు నిందఱు నాయకులు. రసాభాస మని పండితులు వెంటనే యందురు. ఆంధ్రుఁడగు జగన్నాథపండితరాయలు రసగంగాధరమున ద్రౌపదిని దృష్టిలో నుంచుకొని యీ విషయమును జర్చించినాఁడు. రతి బహునాయకవిషయ మగుటచే నాభాసమే యని నవ్యులమతము. వివాహమాడని పలువురయం దైనచో మాత్రమే యాభాస మని ప్రాచీనులమతము. హారిసు నాయిక ప్రాచీనులకును జిక్కును. అయినను వరుసగా వచ్చు రతులు వేఱు, ఒక్కకాలమునఁ బలువురయందు నిలుచు రతి వేఱు. మొదటిదానిని దోష మనుటకు శాస్త్రముకంటె దేశాచారము ప్రమాణము. ఈ కథ జరుగు దేశమున నాచార మన్యము. కాని తొమ్మిది, పది గ్రంథములకు వచ్చుసరికి వచ్చిన ప్రతి పురుషుఁడు నీ వడ్డనకత్తెను గోరుట యౌచిత్యమును మీఱినది. అది రసదోషముకంటె సంఖ్యాదోషము.

ఇంతకంటె గురుతరమైన దోషము పోలికలో నున్నది. రక్తపులు హక్కులు గోరుట, వారిని ద్వేషించు 'ఫెలోషిప్ ఆఫ్ ది సన్' అను మతసంఘము, తాము బయటకు వచ్చితి మని వారు చెప్పికొనుట, ఇవన్నియు నమెరికాలో నణఁగద్రొక్కఁబడిన జనుల పోరాటములను స్ఫురింపఁజేయుటకే. కథాస్థలము లూయిసియానా. రైలుబండిలో తెల్లవారిపెట్టెలోఁ గూర్చున్నందులకు హోమరు ప్లెసీని 1892లో నిర్బంధించినది యచ్చటనే. ఆ వ్యాజ్యమున 1896లో నత్యున్నతన్యాయస్థానము వేఱుపెట్టెల శాసనమును సమర్థించినది. ఆ నిషేధములకు మూలమైన భయము మిథ్య. రక్తపుని జూచి భయపడుట మిథ్య గాదు. వాఁడు నిజముగానే చంపఁగలఁడు, ఈ పుటలలోఁ బలుమాఱు చంపును. ఉపమానోపమేయములకు సాధర్మ్యము కుదురవలసిన చోటనే వైధర్మ్యము పొడచూపినది. పీడితులను హంతకజాతితోఁ బోల్చిన నెవరికి గౌరవము? హాస్యముగాఁ బోవుచున్నంతవఱకు నీ పోలిక సాగును; గంభీరముగాఁ బట్టుకొన్నచోఁ దెగును. అట్లే, 'డిసెండెంట్స్ ఆఫ్ ది గ్లోరియస్ డెడ్' అను పూర్వసైనికవంశజుల సంఘమునకై మామ్మ బిల్లును బిలిపించి యుద్ధము గూర్చి యుపన్యసింపఁజేయు ఘట్టము మిక్కిలి సరసమైనది. మృతుని మృతులసంఘమునకుఁ దీసికొనివచ్చుటలోని వ్యంగ్యము రచయిత్రికిఁ దెలియును. ఆ యుద్ధ మెవరి దాస్యమును నిలుపుటకై జరిగినదో యాచోట నిలిచి చూడదు. దక్షిణదేశమున పూర్వులను గొల్చువారిపై నింత చక్కని పరిహాసమును జేతఁ బట్టుకొని, దానిని సగమే పలికినది.

ఏడవదానినుండి పదవదానివఱకుఁ గథ చాలవఱకు రాజకీయము. 2005 నాఁటి కత్రీనా తుపానుతో న్యూ ఆర్లియన్సు చెడి లూయిసియానా రాణి బలహీన యగుట, నెవాడారాజు వచ్చి రాజ్య మాక్రమించుట నిజచరిత్రనుండి కథను బుట్టించిన చాతుర్యమే. అప్సరోజాతివారు వచ్చిన పిమ్మట మాత్రము నామములు పెరుఁగును, మనుష్యులు తఱుఁగుదురు. ఈ నాలుగింటిని శీఘ్రముగాఁ జదివినను నష్టము లేదు.

భాషనుగూర్చి యొక మాట. సూకీ పాఠశాలతోఁ జదువు నిలిచినది. గ్రంథాలయమునుండి నవలలు తెచ్చి చదువును. దినమునకొక పదము ముద్రించిన పంచాంగము చూచి క్రొత్తపదములు నేర్చికొనును. కథ యంతయు నామె నోటనే చెప్పఁబడుటచే, గ్రామ్యవాక్యములనడుమ నపు డపు డొక గంభీరపదము వచ్చి నిలుచును, అది యానాఁటి పంచాంగపుఁ బదమని చదువరికిఁ దెలియును. పదము నేర్చిన యానందమును బదప్రయోగమే చెప్పుట యిది. పాఠశాలలలో నిఘంటువు వల్లింపించువారు చూడఁదగిన చమత్కారము.

2013లో వెలువడిన కడపటి గ్రంథము పాఠకులలోఁ బలువురకుఁ గోపము తెప్పించినది. ఎరికు ఓక్లహోమారాణికిఁ బతిగాఁ బోవును, బిల్లు పొరుగింట మిత్రుఁడై మిగులును. సూకీ సామువద్దకుఁ జేరుచుండఁగాఁ గథ నిలుచును. పండ్రెండేండ్లు రక్తపులకై వేచినవారికి మద్యశాలాధిపతి చాలలేదు. కాని పరిశోధనకథాసమయము ప్రకారము చూచినచో నుత్తర మిట్లే యుండవలయును. సాము మొదటి గ్రంథపు మొదటి ప్రకరణముననే యున్నాఁడు. ఎండలోఁ బడుకొనుట యీ నాయికకు నిత్యప్రియమని ప్రతిగ్రంథమునను జెప్పఁబడినది; పగలు నడువనివాఁ డామెకు భర్త గాఁజాలఁడనుటకు నంతకంటె లింగ మేమి కావలయును? మృతుఁడే నాయకుఁడు గావలయునని పట్టుపట్టువారికిని రచయిత్రి తావిచ్చినది. పండ్రెండవదానిలో మరణించిన సామును సూకీ తనకు దక్కిన యొకేయొక దివ్యవస్తువును వెచ్చించి బ్రదికించినది. కాని యాతఁడు రూపము మార్చుకొనువాఁడు. ఆతని మనస్సు మబ్బువలె నామెకుఁ గొంత వినఁబడును, కొంత వినఁబడదు. మొదటి రాత్రి బిల్లునొద్ద దొరకిన నిశ్శబ్దము నామె యిచ్చట విడిచికొన్నది. ఆ విడుపునుగూర్చి కడపటి గ్రంథమున నొక ప్రకరణమైన నుండవలసినది, లేదు.